వడ్లలో పడుకున్న విల్లు

ఈ మధ్య దూది పరుపులకు మళ్ళీ గిరాకీ వచ్చింది. స్పాంజి పరుపుల మీద పడుకుని నడుములు పట్టేసినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వస్తున్నారు. తెనాలిలో కొందరు కుర్రాళ్ళు దుకాణాలు కూడా తెరిచారు. వాళ్ళలో శ్రీను అనే అతను మొన్న మా ఇంటికి వచ్చాడు.

"బాబాయ్ గారూ, 'చేత్తో ఏకిన దూది' అని బోర్డు పెడదామనుకుంటున్నానండి. దూదేకే పాత విల్లు ఒకటి దొరికింది. షాపులో గోడకి ఆనించి పెట్టా. వానలు మొదలైన కాణ్ణించి వంకర తిరుగుతోంది. ఏంటంటారు?"

"గోడకి ఆనించావా?"

"అవునండి. వచ్చేపోయేవాళ్ళకి కనపడాలి కదండీ. ఇంకోటండి, దానికి ఒక పక్కన మాత్రం పాత తోలు ముక్క కొట్టి ఉంది. చూడ్డానికి బాగాలేదు. పీకేద్దామనుకుంటున్నా."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి అతను వాచీ చూసుకున్నాడు. ఇంకాసేపటికి మళ్ళీ చూసుకున్నాడు. తప్పు పట్టడం లేదు, కొత్తగా కొట్టు పెట్టినవాడికి ముసలాడి కబుర్లు వినే తీరిక ఎక్కడిది? అందుకని ఆ తోలు ముక్కను ప్రస్తుతానికి ముట్టుకోవద్దని మాత్రం చెప్పి పంపించి, మిగతాది కాగితం మీద పెడుతున్నాను. కాగితం వాచీ చూసుకోదు.

మేం అమ్మింది గాలి

మా నాన్నది తెనాలి మార్కెట్టు దగ్గర కిరాణా కొట్టు. పెదనాన్నది బట్టల కొట్టు. మేనమామది ఇనుప సామాను. మా ఇళ్ళల్లో పసిపిల్లవాడు ఏడిస్తే, ఎంతిస్తే మానుతాడో ముందు కనుక్కునేవాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను గుళ్ళో ప్రసాదం దగ్గర కూడా ఇంకొంచెం వేయమని పూజారిని అడిగి ఇప్పించుకున్నవాణ్ణి. కాబట్టి వ్యాపారం నాకు వచ్చనే అనుకుని పరుపుల పనిలోకి దిగాను. వచ్చింది బేరం మాత్రమేనని, వ్యాపారం వేరే ఉందని తెలియడానికి చాలాకాలం పట్టింది.

పరుపుల కొట్టులో దూది అమ్ముతారని జనం అనుకుంటారు. మేం అమ్మింది గాలి. పత్తి మూటగా వచ్చినప్పుడు రాయిలా ఉంటుంది. దాన్ని ఏకి, పోగు పోగునూ విడదీసి, మధ్యలోకి గాలి ఎక్కించి, ఆ గాలి పోకుండా గుడ్డలో పెట్టి దబ్బనంతో కుట్టి ఇస్తాం. గాలి ఎక్కించే పనిముట్టు విల్లు. మనిషి ఎత్తున ఉండే టేకు కర్ర. ఒక చివర వెడల్పాటి పలక, రెండో చివర వంపు తిరిగిన మెడ. ఆ చివరి నుంచి ఈ చివరికి మేక పేగుతో చేసిన నారి. విల్లును పైన కట్టిన వెదురు బద్దకు తాడుతో వేలాడదీసి, నారిని దూదిలో ముంచి, చెక్క గుండుతో కొడతారు. నారి టుంగుమంటే దూది మబ్బులా లేచి పడుతుంది. మూడు వీధుల అవతలికి వినపడేది ఆ మోత. వినగానే ఆడవాళ్ళు పాత తలగడలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు.

ఆ మోత సరిగ్గా పలకాలంటే కర్ర తిన్నగా ఉండాలి, నారి బిగువుగా ఉండాలి. తేమ తగిలితే రెండూ పోతాయి. మన ప్రాంతంలో తేమ తగలనిది ఏముంది? కాబట్టి ఉద్యోగం పేరు పరుపుల వ్యాపారమే అయినా, ముప్పై ఏళ్ళూ నేను నిజంగా చేసింది ఒక కర్ర ఒంటికి చెమ్మ పట్టకుండా చూసుకోవడం.

మూడు ఊళ్ళు, మూడు తేమలు

బయటివాళ్ళకు తేమ అంటే ఒకటే. మాకు తెనాలి తేమ వేరు, బాపట్ల తేమ వేరు, రేపల్లె తేమ వేరు.

తెనాలి తేమ కాలవల్లోకి నీళ్ళు వదలగానే మొదలవుతుంది. చుట్టూ మాగాణి. ఊరు ఊరంతా తడిగుడ్డ మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆ తేమ నేల నుంచి పైకి వస్తుంది. అందుకే విల్లును నేల మీద నిలబెట్టి గోడకు ఆనించకూడదు. కింది చివర నీళ్ళు తాగి ఉబ్బుతుంది, పై చివర ఉబ్బదు, నడుము ఒంగుతుంది. రెండు తాళ్ళతో దూలానికి అడ్డంగా వేలాడదీయాలి. శ్రీనూ, ఇది నీకే.

బాపట్ల తేమ సముద్రం నుంచి వస్తుంది. అది వట్టి తడి కాదు, ఉప్పు కలిసిన తడి. అక్కడ ఒక హాస్టలుకు పరుపులు కుట్టడానికి వెళ్ళాం. వార్డెనుగారు మంచి మనిషి. మర్యాదగా డాబా మీద చోటిచ్చి, "ఇక్కడైతే సముద్రపు గాలి హాయిగా తగులుతుందండీ, చెమట పట్టకుండా పని చేసుకోవచ్చు" అన్నారు. మనుషులకు చెమట పట్టలేదు, విల్లుకు పట్టింది. మధ్యాహ్నం దాకా బాగానే మోగింది. సాయంత్రం గాలి తిరగగానే నారి జిగురు పూసినట్టు అయిపోయి దూది దానికి అంటుకోవడం మొదలెట్టింది. వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. ఉప్పు పట్టిన కర్ర పొద్దంతా పొడిగానే కనిపిస్తుంది, పొద్దు వాలాక గాలిలో తడినంతా పిలుచుకుంటుంది. బాపట్లలో సముద్రం వైపు కిటికీలు మూసుకుని పని చేయాలి. చీకటి పడకముందే కర్రనూ నారినీ పొడిగుడ్డతో తుడిచి, కర్రకు మాత్రం కాస్త నువ్వుల నూనె రాయాలి. నారికి నూనె తగలనివ్వద్దు.

రేపల్లె తేమ గురించి ఇప్పుడు చెప్పను. దానికి వేరే చోటు కావాలి.

కోటయ్యగారి దూలం

నాకు పని నేర్పినది కోటయ్యగారని, పాత పరుపుల షావుకారు. ఆయన కొట్లో చేరిన మొదటిరోజే నాకు చెప్పిన మాట: "పొద్దున్న నారి బిగించినవాడే సాయంత్రం వదులు చెయ్యాల. ఇంకోడికి అప్పజెప్పకూడదు." రాత్రంతా బిగువుగా ఉంటే నారి కర్రను లాగుతూనే ఉంటుంది. పొడి రోజుల్లో కర్ర ఓర్చుకుంటుంది, తేమ రోజుల్లో మెత్తబడి లొంగిపోతుంది. ఇంత చిన్న సంగతి. నా ఎరుకలో పాడైన విల్లుల్లో సగం దీనివల్లే పాడయ్యాయి.

ఆయన విల్లులను వంటింటి పక్క గదిలో, పొయ్యి వేడి పలచగా తగిలే దూలానికి వేలాడదీసేవారు. వానాకాలంలో రోజూ వెళ్ళి చేత్తో తడిమి చూసేవారు. కర్రల విషయంలో ఆయనంత శ్రద్ధగలవాణ్ణి చూడలేదు. అయితే నిజం చెప్పుకోవాలి. ఆ విల్లులు పట్టే మనుషుల్ని మాత్రం కారే రేకుల షెడ్డులో కూర్చోబెట్టి పని చేయించారు. దూది ధూళికి దగ్గుతుంటే, "బయటికెళ్ళి దగ్గండ్రా, దూది పాడవుద్ది" అనేవారు. ఆయన దగ్గర విల్లు గురించి అంతా నేర్చుకోండి, మనుషుల గురించి ఏమీ నేర్చుకోకండి. నేను సొంతంగా కొట్టు పెట్టినప్పుడు మొదట చేసినది షెడ్డు కప్పు వేయించడం. దానికీ రేకులవాడితో సాయంత్రం దాకా బేరమాడాననుకోండి.

ఉప్పు బస్తాలకూ బెల్లం దిమ్మలకూ మధ్య

సంగం జాగర్లమూడిలో వెంకటాచారి అని వడ్రంగి ఉండేవాడు. బళ్ళూ నాగళ్ళూ చేసేవాడు. వాటి మధ్య తీరిక దొరికితే విల్లు చేసేవాడు. ఆయన చేసిన విల్లును మెడ దగ్గర వేలి మీద నిలబెడితే తక్కెడలా నిలిచేది. పట్టుకున్నవాడి భుజం లాగేది కాదు. పెద్దవాడయ్యాక ఇక చేయలేనని చెప్పి, మిగిలిన టేకు అంతా పెట్టి ఆఖరిగా నాలుగు విల్లులు చేశాడు. అవి మార్కెట్లోకి వెళ్ళకుండా నేనే పట్టుకున్నాను. ఎండాకాలం, పని లేని కాలం, కాబట్టి బేరం నాకు బాగా కుదిరింది. రైలు దిగి ఇంటికి వచ్చేదాకా నన్ను నేనే మెచ్చుకుంటూ వచ్చాను.

మరి వాటిని ఎక్కడ పెట్టాలి? నా కొట్లో చోటు లేదు. గది అద్దెకు తీసుకుంటే దండగ. మా నాన్న గోడౌను ఉందిగా, అద్దె లేకుండా! బస్తాల మధ్య సందులో నాలుగింటినీ గుడ్డలు చుట్టి జాగ్రత్తగా పడుకోబెట్టాను. ఇటు ఉప్పు బస్తాలు, అటు బెల్లం దిమ్మలు. ఉప్పు తడిని పీల్చేస్తుంది కాబట్టి విల్లులు ఇంకా పొడిగా ఉంటాయని నా లెక్క. కిరాణా కొట్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ ఇంత తెలివిగా తప్పు చేయలేడు.

ఉప్పు పీల్చుకుంటుంది, నిజమే. పీల్చుకున్నాక అది ఎక్కడికి పోతుంది? ఆషాఢం ముసురు పట్టేసరికి ఉప్పు బస్తాలు కారాయి, బెల్లం కరిగి జారింది. గోడౌను సర్దిస్తుండగా మా నాన్న నన్ను పిలిపించారు. నాలుగు విల్లులూ నాలుగు రకాలుగా మెలికలు తిరిగి ఉన్నాయి. ఒకదానికి చీమలు కూడా పట్టాయి.

"ఏంట్రా ఇవి? పాములకి గుడ్డలు చుట్టి పడుకోబెట్టావా?" అన్నారు మా నాన్న.

"విల్లులు నాన్నా. ఉప్పు తడి లాగేస్తుంది కదా అని..."

"ఒరే, నలభై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నా. ఉప్పు పక్కన కందిపప్పు కూడా పెట్టను నేను. నువ్వు కర్రలు పెట్టావా? నన్ను ఒక్కమాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"మిమ్మల్ని అడిగితే అద్దె అడుగుతారేమోనని..."

ఆయన కోపంగా చూసి, కాసేపటికి నవ్వేశారు. "అడిగేవాణ్ణే" అన్నారు.

మెలిక తీయించుకుందామని జాగర్లమూడి వెళితే, వెంకటాచారి మంచాన పడి ఉన్నాడు. ఆ ఏడే పోయాడు. ఇతర వడ్రంగుల చేత చేయించాం గానీ ఒక్కటీ తూకం కుదరలేదు. ఒకటి ముందుకు తూగేది, ఒకటి పక్కకు తిరిగేది. అలా మా దగ్గర ఆయన చేతి విల్లు ఒక్కటే మిగిలింది. అది కూడా నాది కాదు, మస్తాన్‌ది.

మస్తాన్

మస్తాన్ నా దగ్గర దూదేకే మనిషి. నాకన్నా పదేళ్ళు పెద్ద. తండ్రి కాలంలో వెంకటాచారి చేత చేయించుకున్న విల్లు అతనిది. అతను నాకు జీతగాడు కాదు. విల్లు అతనిది, చేయి అతనిది. పని ఉంటే కబురు పెడతాను, ఇష్టమైతే వస్తాడు, ధర నచ్చకపోతే విల్లు భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. నాతో సమానంగా బేరమాడిన మనిషి అతనే. నోరు కూడా పెద్దదే. "శెట్టిగారో, నీ గొంతులో నారి కట్టి కొడితే ఊరంతా ఏకొచ్చు" అనేవాడు.

డెబ్బైలు వచ్చేసరికి తెనాలిలో దూదేకే మిషను పెట్టారు. కరెంటుతో నడిచేది. పొద్దున నుంచి మధ్యాహ్నంలోగా మస్తాన్‌కు వారం పట్టే పని చేసేసేది. దాని యజమాని మస్తాన్‌కు కబురు పెట్టాడు: మిషనులో దూది వేసే పనికి రమ్మని, నెలజీతం ఇస్తానని.

"వెళ్తావా అన్నా?" అని అడిగాను.

"ఈ విల్లు పలికినన్నాళ్ళు ఎవడి దగ్గరా చెయ్యి కట్టుకుని నిలబడను. ఇది పోయిందా, ఇంకోటి చేసేవాడు లేడు. అప్పుడు మిషనే గతి. సైరను మోగితే లేవాలి, సైరను మోగితే తినాలి." ఆ వెంటనే, "ఆచారి చేసిన ఆఖరి నాలుగూ నువ్వు బెల్లం పాకం పట్టించావుగా" అన్నాడు.

దానికి నేనేం బేరమాడగలను? అప్పటి నుంచి ఆ విల్లు కాపాడటం నా పూచీ అనుకున్నాను. అతి జాగ్రత్త అక్కడే మొదలైంది. రేకు పనివాడి చేత విల్లు పొడవున తగరపు పెట్టె చేయించాను. మూత గట్టిగా పడుతుంది. లోపల మూలల్లో సున్నపురాయి ముక్కలు మూట కట్టి పెట్టాను. తడి సోకని సున్నం గాలిలో చెమ్మనంతా తాగేస్తుందని మందుల కొట్టతను చెప్పాడు. నిజంగానే తాగేసింది. ఉప్పు చేసిన పాపం సున్నంతో కడుక్కున్నానని సంబరపడ్డాను.

రేపల్లె

శ్రావణంలో రేపల్లె పక్కన ఒక మోతుబరి ఇంట్లో పెళ్ళి. ఇంటి పెద్ద రత్తమ్మగారు. భర్త లేడు, నలుగురు కొడుకులున్నా ఎడ్ల బేరం నుంచి పెళ్ళి బేరం దాకా ఆవిడదే మాట. పెళ్ళి పరుపులన్నీ ఇంట్లోనే, కళ్ళ ముందే, చేత్తో ఏకించి కుట్టించాలని కబురు పెట్టింది. ఆవిడ ఏం చేయిస్తే ఆ చుట్టుపక్కల బంధువులంతా అదే చేయిస్తారు. అక్కడ పని నిలబడితే మస్తాన్‌కు ఏళ్ళ తరబడి పని. పోతే ఆ ఊళ్ళన్నీ మిషనుకు పోతాయి.

తగరపు పెట్టెతో రేపల్లె రైలెక్కాం. "లోపలేంటి బాబాయ్, శవమా?" అని ఒకడు అడిగాడు. మూత తీసి చూపించాల్సి వచ్చింది. "ఓహో, రాములోరన్నమాట! సీతమ్మని ఏ స్టేషన్లో ఎక్కిస్తారు?" అన్నాడు ఇంకొకడు. మస్తాన్ నా వైపు చేయి చూపించి, "అదుగో, ఎక్కించాం. గడ్డం గీసుకోలా, అంతే" అన్నాడు. రైలు పెట్టె అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ రోజు నవ్వింది అదే ఆఖరు.

ఇప్పుడు రేపల్లె తేమ సంగతి. అక్కడ రైలు పట్టాలు అయిపోతాయి, కొంచెం దూరంలో నేల కూడా అయిపోతుంది. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క మురుగు కాలవలు, ముందు సముద్రం. తేమ ఏ వైపు నుంచి వస్తోందో చెప్పలేరు. శ్రావణంలో అక్కడి గాలిని పిండితే నీళ్ళు వస్తాయి. అలాంటి గాలిలో, ఆవిడ ఇంటి వసారాలో, వారం రోజులు సున్నంలో ఎండిన కర్రను తీసి వేలాడదీశాం.

పొద్దున్న కాసేపు బ్రహ్మాండంగా మోగింది. భోజనాలు చేసి వచ్చేసరికి మోత మారింది. టుంగుమనాల్సిన నారి డబ్ డబ్‌మంటోంది. మస్తాన్ ఒంటికన్ను మూసి కర్ర పొడవునా చూశాడు. పలక ఒకవైపుకు తిరిగింది. నారి గాడి లోంచి పక్కకు జారుతోంది. మరీ ఎండిన కర్ర దాహం వేసినవాడిలా ఒక్కసారిగా తడి తాగింది. వాన జల్లు పక్కన ఎక్కువగా, గోడ పక్కన తక్కువగా తాగింది. అందుకే మెలి తిరిగింది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నోరు తెరుచుకుని చూశానంతే.

రత్తమ్మగారు లోపల్నుంచి వచ్చింది. "ఏంటయ్యా శెట్టీ, అవి పెళ్ళి పరుపులా, చావు డప్పులా? ఏంటా మోత?"

"కొంచెం చెమ్మ పట్టిందమ్మా. ఇప్పుడే సర్దుకుంటుంది."

"ఎట్టా సర్దుకుంటుంది? ముసురు వదిలేట్టు లేదు. చూడబ్బాయ్, పెళ్ళి దగ్గర పడింది. రేపు పొద్దున ఇది మోగకపోతే దూది బండికెక్కించి తెనాలి మిషనుకి పంపించేస్తా. నన్ను మళ్ళీ అనుకోవద్దు."

మస్తాన్ విల్లును ఒళ్ళో పెట్టుకుని నారి వదులు చేశాడు. 

"మళ్ళీ సున్నం పెట్టెలో పెడదాం అన్నా" అన్నాను.

"నీ పెట్టెకో దణ్ణం. పొయ్యి మీద కాచి వంచుతా."

"కాస్తే పగులుద్ది!"

"పగిలితే పగిలింది. మిషనుగాడు ఎదురు చూస్తున్నాడుగా."

రత్తమ్మగారు మా ఇద్దర్నీ చూసి, "పిల్లలు కొట్టుకున్నట్టు కొట్టుకుంటారేంటి? ఇట్టా రండి" అని లోపలికి నడిచింది. వెనక కొట్టులో ఎండుగడ్డితో పేనిన వెంటి తాడుతో చుట్టిన పెద్ద వడ్ల పురి ఉంది. ఆవిడ దాన్లోకి మోచేతి దాకా చేయి పెట్టి కెలికి ఒక గుడ్డ మూట తీసింది. మూటలో చందనపు దువ్వెన.

"మా అత్తగారిది. నా పెళ్ళప్పటికే పాతది. ఒక్క పన్నన్నా వంకరపోయిందేమో చూడు. మా ఇంట్లో తడవకూడనియ్యీ, మరీ ఎండకూడనియ్యీ అన్నీ వడ్లల్లోనే ఉంటాయి. మీ కర్ర కూడా పెట్టండి."

మస్తాన్ నా వైపు చూశాడు. నేను పురిలోంచి నాలుగు గింజలు తీసి కొరికాను. ఇది మాత్రం మా నాన్న నేర్పిన విద్య. పాత గింజ టక్కుమని విరుగుతుంది, తడి ఉన్న గింజ పంటి కింద నలుగుతుంది. ఇవి నలిగాయి.

"అమ్మా, ఇవి మొన్న వేసవిలో కోసిన దాళ్వా వడ్లు. ఇంకా పచ్చిగా ఉన్నాయి. పోయిన సంక్రాంతి నాటివి ఉన్నాయా?"

ఆవిడ కనుబొమలు ఎగిరాయి. "ఉన్నాయి. అవతల గాదెలో. అవి అమ్మకానికి కాదు."

"కొనడానికి కాదమ్మా, పడుకోబెట్టడానికి."

గాదె దగ్గరికి వెళ్ళి మళ్ళీ కొరికాను. టక్కుమంది. మస్తాన్‌కు అప్పుడు ప్రాణం వచ్చింది. "ఊరికే పెడితే వంకర వంకరగానే పడుకుంటుంది. తిన్నటి కర్ర ఉండాలి" అని ఇల్లంతా వెతికి, దంపుడు రోకళ్ళు రెండు తెచ్చాడు. మెలి తిరిగిన వైపుకు ఎదురుగా బలం పడేట్టు రోకళ్ళు ఆనించి, మెత్తటి గుడ్డ పీలికలతో కట్టాడు. బిగించి కాదు, పసిపిల్లకు పొత్తిగుడ్డ చుట్టినట్టు. గాదెలో అడుగున కొన్ని వడ్లు, మీద విల్లు, దాని మీద మళ్ళీ వడ్లు. నేను వడ్లు పోస్తుంటే మస్తాన్ సర్దాడు. అంతా అయ్యాక రత్తమ్మగారు, "పొద్దుటికి బాణంలా లేస్తుంది చూడండి" అంది.

బాణంలా లేవలేదు. పొద్దున్న తీసి చూస్తే ముప్పాతిక మెలిక పోయింది, పావు మిగిలింది. నేను నీరుగారిపోయాను. మస్తాన్ మాత్రం విల్లును అటూ ఇటూ తిప్పి, తన పాత చెప్పు విప్పి దాని పట్టీ కోశాడు. ఆ తోలును మడిచి, పలక మీద నారి జారిపోతున్న పక్కన చిన్న మేకులతో కొట్టాడు. నారి ఎక్కించి బిగించాడు. చెక్క గుండు తీసి, కొట్టే ముందు నా వైపు ఒకసారి చూశాడు.

టుంగ్.

పెరట్లో కోళ్ళు బెదిరి పరుగెత్తాయి. లోపల ఎవరో ఆడవాళ్ళు, "మోగింది, మోగింది!" అన్నారు. మస్తాన్ ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. దూది వాసాల దాకా లేచింది.

ఆ పని అయినన్ని రోజులూ ఒకటే పద్ధతి. అన్నానికి లేచినా, కునుకుకు ఒరిగినా, నారి వదులు చేసి విల్లును గాదెలో పడుకోబెట్టడం. లేచాక తీసి బిగించడం. ఆ ఇంటి గాలీ ఆ వడ్ల గాలీ నెమ్మదిగా అలవాటై, చివరి రోజుల్లో కర్ర ఇక కదల్లేదు. మీరు ఈ పనిలోకి వచ్చేట్టయితే గుర్తుంచుకోవలసింది ఇదే. కర్రకు తడి శత్రువని నేను సగం జీవితం అనుకున్నాను. తడి కాదు, తొందర. మరీ ఎండబెట్టి ఒక్కసారిగా గాలికి పెడితే ఏ కర్రా ఓర్చుకోదు. కొత్త ఊరు వెళ్ళినప్పుడు ముందురోజే చేరి, గుడ్డలో చుట్టి, ఆ ఇంటి పాత వడ్లలోనో బియ్యంలోనో పడుకోబెట్టండి. ఊరు అలవాటు చేసుకోనివ్వండి. ఆ సున్నం పెట్టెను నేను తిరిగొచ్చాక మా మేనమామకు అమ్మేశాను. లాభానికే.

పరుపులు అప్పజెప్పిన రోజు రత్తమ్మగారు ఒక్కొక్కటీ చేత్తో నొక్కి, మోకాలు పెట్టి చూసి, తల ఊపింది. ఆ తర్వాత, "నా గాదెలో నూనె కర్ర పొర్లించారు. వడ్లు నూనె వాసనేస్తున్నాయి. నాలుగు తలగడలు ఎక్కువ కుట్టివ్వాల" అంది.

"అట్టాగేనమ్మా" అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. నేను సగానికి తెగ్గొడతానని, అప్పుడు మళ్ళీ పెంచుదామని సిద్ధంగా ఉన్నట్టుంది. బయటికి వచ్చాక మస్తాన్ నా నుదుటి మీద చేయి వేసి చూశాడు. "జ్వరం లేదే శెట్టీ! బేరమాడలేదేంటి?"

తిరుగు రైలు కదలడానికి ఇంకా టైముంది. ఈసారి పెట్టె ఖాళీ, విల్లు బయటే ఉంది. పక్కనున్నవాళ్ళు అడిగితే మస్తాన్ ఊరుకుంటాడా? నారి బిగించి ఒకసారి మోగించాడు. ప్లాట్‌ఫారమ్ మీద టీ అమ్మేవాడు కూడా ఆగి చూశాడు. ఇంకోసారి, ఇంకోసారి అని పిల్లలు వెంటపడ్డారు. మోగించి, రైలు కూత వేయగానే నారి వదులు చేసేశాడు.

"తెనాలి దాకా ఉంచవచ్చుగా, పిల్లలు సరదా పడుతున్నారు" అన్నాను.

"ఇన్నాళ్ళ నుంచి లాగుతోంది, దానికి మాత్రం ఒళ్ళు నొప్పులుండవా?" అన్నాడు.

ఆ తర్వాత

మిషను గెలిచింది. దాచడానికేం లేదు. తర్వాత స్పాంజి వచ్చి మిషనునూ గెలిచింది. కానీ మస్తాన్ మిషను దగ్గరికి పోలేదు. రేపల్లె వైపు ఊళ్ళు అతన్ని చాలా ఏళ్ళు పిలిచాయి. చేయి లేచినన్నాళ్ళు తన విల్లుతో తన ధరకే పని చేశాడు. చేయి లేవడం మానేశాక విల్లును కొడుకు అటక మీద పెట్టాడు. తర్వాత ఎవరి చేతికి వెళ్ళిందో నాకు తెలియలేదు.

మొన్నటి దాకా తెలియలేదు.

శ్రీనూ, నువ్వు నీ విల్లును ఎంతకు కొన్నావో నేను అడగను. ఇవాళే గోడ దగ్గర్నుంచి తియ్యి. నారి ఉంటే వదులు చెయ్యి. రేపు పొద్దున నేను ఒక బస్తా పాత వడ్లు తీసుకుని వస్తున్నాను. కొరికి చూసే తెస్తాను. డబ్బులు వద్దు. రెండు రోకళ్ళు మాత్రం సంపాదించి ఉంచు.

ఆ తోలు ముక్క పీకొద్దు.